ఇంగ్లీషు వస్తే జర్మన్ వచ్చేసినట్టేనా?

మొన్న ఆదివారం మా పక్క వీధిలో ఉండే ఆవిడ పసుపు కుంకుమతో పాటు ఓ ప్రశ్న కూడా తెచ్చారు. వాళ్లమ్మాయికి కొత్తగా పెళ్లయింది. అల్లుడు జర్మనీలో ఉద్యోగం. అమ్మాయి వీసాకి జర్మన్ భాషలో పరీక్ష పాసవ్వాలట. "మా పిల్ల ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియమే కదా వదినా! ఇంగ్లీషు వచ్చినవాళ్లకి జర్మన్ మంచినీళ్ల ప్రాయం అంటున్నారు. మూడు నెలల్లో వచ్చేస్తుందిగా?" అని అడిగారు.

పరీక్ష పాసవుతుంది, భాష రాదు అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. అంత కటువుగా చెప్పి ఉండకూడదేమో అని తర్వాత అనిపించింది కానీ, ఆ మాట అన్నది నా సొంత అనుభవం మీదే సుమా! ఇంగ్లీషులో ఎమ్మే చేసి, తొమ్మిదేళ్లు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి, ఏ1 సర్టిఫికెట్ పెట్టెలో పెట్టుకుని 2011లో స్టుట్‌గార్ట్ వెళ్లినదాన్ని నేను. వెళ్లిన మూడో వారంలోనే నా ఇంగ్లీషు నన్ను ముంచింది.

మా బాబుకి అప్పుడు నాలుగేళ్లు. రాత్రంతా చెవి నొప్పని ఏడ్చాడు. పొద్దున్నే మావారు ఆఫీసుకి వెళ్లాక డాక్టరుగారి దగ్గరికి ఫోన్ చేశాను. అవతల అమ్మాయి "హాల్ప్ ఫియర్" కి రమ్మంది. హాల్ప్ అంటే హాఫ్, ఫియర్ అంటే ఫోర్. ఇంగ్లండు వాళ్లు "హాఫ్ ఫోర్" అంటే నాలుగున్నర. నేను చదివిందీ, చెప్పిందీ ఆ ఇంగ్లీషే కదా! టంచనుగా నాలుగున్నరకి వెళ్లాను. నా టైము గంట క్రితమే దాటిపోయింది. జర్మన్లు "సగం నాలుగు" అంటే నాలుగు వైపు సగం నడిచినట్టు, అంటే మూడున్నర! చంకలో ఏడుస్తున్న పిల్లాడు, బయట నవంబరు చలి, కౌంటరు దగ్గర ఆ అమ్మాయి ఏదో గడగడా చెబుతోంది, నాకు ఒక్క ముక్క అర్థం కావడం లేదు. మర్నాడు మావారు సెలవు పెట్టి తీసుకెళ్లారు. పెళ్లయిన ఇన్నేళ్లకి, పిల్లాడిని డాక్టరుకి చూపించడానికి కూడా మొగుడు పక్కన ఉండాల్సిన స్థితికి వచ్చానే అని ఆ రాత్రి నేను ఏడ్చాను.

ఈ వ్యాసం అందుకే రాస్తున్నాను. ఈ రోజుల్లో మన ఊళ్ల నుంచి ఆడపిల్లలు జర్మనీ వెళ్లడం మామూలైపోయింది. చదువుకని కొందరు, నర్సులుగా కొందరు, పెళ్లి చేసుకుని కొందరు. భర్త దగ్గరికో, భార్య దగ్గరికో వెళ్లేవాళ్లు సాధారణంగా ఏ1 స్థాయి చూపించాలన్న నియమం 2007 నుంచీ ఉంది. బ్లూ కార్డు మీద పనిచేసే వారి భార్యలకీ భర్తలకీ ఆ నియమం లేదు. లేదు కాబట్టి వాళ్లలో చాలామంది ఒక్క మాట కూడా నేర్చుకోకుండా విమానం ఎక్కేస్తారు. నా మటుకు నాకు వాళ్ల మీదే ఎక్కువ జాలి.

ఏ1 అంటే ఏమిటో కూడా ఓ మాట చెప్పాలి. యూరప్ భాషలకి ఏ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లు. ఏ1 మొదటి మెట్టు. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం నాలుగింట్లో కలిపి నూటికి అరవై వస్తే పాసు. పేరు చెప్పడం, దాన్ని అక్షరం అక్షరంగా పలకడం, ఫోన్ నంబరు చెప్పడం, ఓ చిన్న ఉత్తరం రాయడం, అంతే. బట్టీ పట్టి పాసవ్వొచ్చు. మన దగ్గర కొన్ని కోచింగుల్లో జరుగుతున్నది కూడా అదే. పది ఉత్తరాలు కంఠస్థం చేయిస్తారు, పరీక్షలో పదకొండోది వస్తే పిల్ల దిక్కులు చూస్తుంది. అదే కోచింగుల్లో ఇంకో పద్ధతి కూడా ఉంది, నాకు అసలు నచ్చనిది. "తెలుగు గుమ్మం బయట వదిలి రండి, ఇక్కడ అంతా ఇంగ్లీషులోనే" అంటారు. పుస్తకాలన్నీ ఇంగ్లీషు వచ్చినవాళ్ల కోసం రాసినవి కదా, అదే సులువని వాళ్ల లెక్క.

ఆ లెక్క తప్పని నాకు చెప్పింది ఓ టర్కీ ఆవిడ. చెవి నొప్పి సంఘటన తర్వాత నేను మా పేటలోని ఫోల్క్స్‌హోఖ్‌షూలెలో చేరాను. పెద్దవాళ్లు తక్కువ ఫీజుతో చదువుకునే బడులు అవి, జర్మనీలో చాలా ఊళ్లలో ఉంటాయి. నా పక్క కుర్చీలో కూర్చునే ఆవిడకి ఇంగ్లీషు ఏబీసీడీలకి మించి రాదు. నేనేమో ఇంగ్లీషు లెక్చరర్ని! మొదటి వారం కొంచెం గర్వంగానే ఉన్నాను లెండి. రెండో నెలకి వచ్చేసరికి ఆవిడ వాక్యాలు తిన్నగా కూర్చేస్తోంది, నేనింకా క్రియ ఎక్కడ పెట్టాలో తెలియక తడుముకుంటున్నాను. ఆవిడ అక్కడికి నాకంటే రెండేళ్లు ముందు వచ్చింది, చెవికి అలవాటు పడింది, అది నిజమే. కానీ ఓ రోజు అడిగితే ఆవిడ కాగితం మీద టర్కీ వాక్యం రాసి, కింద జర్మన్ వాక్యం రాసి చూపించింది. వాళ్ల భాషలోనూ క్రియ చివరికే వస్తుందట. మాటకి తోక తగిలించి "కి", "లో", "ని" లాంటివి చెబుతారట. అరె, ఇది మన తెలుగే కదా అనుకున్నాను. ఆ రోజు ఇంటికొచ్చి మొదటిసారి జర్మన్ వాక్యాల కింద ఇంగ్లీషుకి బదులు తెలుగు రాసుకున్నాను.

ఏమైందో చూడండి. "నిన్న నేనో సినిమా చూశాను" అనే మాట జర్మన్లో "ఇష్ హాబె గెస్టెర్న్ ఐనెన్ ఫిల్మ్ గెజేయెన్". ఇష్ నేను, గెస్టెర్న్ నిన్న, ఐనెన్ ఫిల్మ్ ఓ సినిమాని, గెజేయెన్ చూసి. రెండో స్థానంలో "హాబె" అని ఒక సహాయ క్రియ దూరింది, దాన్ని పక్కన పెడితే మిగతాదంతా తెలుగు వరసే. ఇంగ్లీషులో ఆలోచించేవాళ్లు "చూశాను" ని ముందుకు లాక్కొస్తారు, తప్పు పడుతుంది. ఇంకొకటి. "అతను రేపు హైదరాబాద్ వస్తాడని నాకు తెలుసు" అనాలి. "ఇష్ వైస్, దాస్ ఎర్ మోర్గెన్ నాఖ్ హైదరాబాద్ కొమ్ట్." దాస్ తర్వాత ఉన్న ముక్క చదవండి: అతను, రేపు, హైదరాబాద్‌కి, వస్తాడు. క్రియ బుద్ధిగా చివర కూర్చుంది. "దాస్" (అని), "వైల్" (ఎందుకంటే), "వెన్" (అయితే, అప్పుడు) లాంటి మాటలు వచ్చాయంటే ఆ ముక్కలో క్రియ చివరికి పోతుంది. దీన్ని ఇంగ్లీషు వాళ్లు పెద్ద బ్రహ్మవిద్యలా నేర్చుకుంటారు. మనం పుట్టినప్పటి నుంచీ అలాగే మాట్లాడుతున్నాం! మామూలు వాక్యంలో మాత్రం ఒంటి క్రియ రెండో స్థానంలోనే ఉండాలి, అక్కడ ఇంగ్లీషు కొంచెం పనికొస్తుంది. ప్రశ్న అడగడానికి మళ్లీ ఇంగ్లీషు అడ్డం. "డూ యూ" అని మొదలెట్టాలనిపిస్తుంది. జర్మన్లో "కొమ్మెన్ జీ?" అంటే చాలు, "వస్తారా?" అన్నంత తేలిక.

అన్నిటికంటే నాకు కళ్లు తెరిపించింది మన "కి", "కు". జర్మన్లో నాలుగు విభక్తులు. మన బళ్లో "డు ము వు లు" అని మొదలుపెట్టి ఎనిమిది వల్లించాం, నాలుగుకి భయపడతామా? అందులో డాటివ్ అనేదాన్ని మన "కి, కు" అనుకోండి. "నాకు చలిగా ఉంది" అంటే "మియర్ ఇస్ట్ కాల్ట్". మియర్ అంటే నాకు. ఇంగ్లీషు తోవలో "ఐ యామ్ కోల్డ్" ని మార్చి "ఇష్ బిన్ కాల్ట్" అన్నారో, నా ఒళ్లు చల్లబడిపోయింది అనో, నేను రాతి గుండెదాన్ని అనో వస్తుంది. ఉక్కపోస్తోందని చెప్పబోయి "ఇష్ బిన్ హైస్" అంటే వచ్చే అర్థం ఈ పేజీలో రాయలేను. "మియర్ ఇస్ట్ హైస్" అనండి, పరువు దక్కుతుంది. తలనొప్పిగా ఉంటే "మియర్ టూట్ డేర్ కోప్ఫ్ వే". ఇది నాకు నచ్చింది అనడానికి "దాస్ గెఫెల్ట్ మియర్". నాకు, నాకు, నాకు. అన్నీ మన తెలుగే.

పుస్తకంలో డాటివ్ తీసుకునే క్రియలని ఓ జాబితా ఇచ్చి కంఠతా పట్టమంటారు. సాయం చెయ్యడం, కృతజ్ఞత చెప్పడం, చెందడం, రుచించడం. తెలుగులో చెప్పుకోండి: ఆమెకి సాయం చేశాను, మీకు కృతజ్ఞతలు, ఇది నాకు చెందింది, కూర నాకు రుచించింది. జాబితా అక్కర్లేదు! "అతన్ని అడిగాను, అతనికి చెప్పాను" అంటాం చూడండి, జర్మన్లోనూ అడగడానికి "ఈన్" (అతన్ని), చెప్పడానికి "ఈమ్" (అతనికి). ఇంగ్లీషులో రెండూ "హిమ్" లే. వంటింట్లోకి వెళ్లాను అంటే "ఇన్ డీ క్యూషె", వంటింట్లో ఉన్నాను అంటే "ఇన్ డేర్ క్యూషె". లోకి, లో. క్లాసులో అందరూ రెండు వారాలు తలలు పట్టుకున్న పాఠం నాకు ఒక్క పూటలో అయిపోయింది.

అన్నిచోట్లా ఇలా కుదురుతుందని చెప్పి మిమ్మల్ని మోసం చెయ్యను. మనం "నీకు ఫోన్ చేస్తాను" అంటాం, వాళ్లు "నిన్ను ఫోన్ చేస్తాను" అన్న పద్ధతిలో అంటారు. ఆ తప్పు నేను ఏడాది పాటు చేశాను. పైగా విభక్తి మారినప్పుడు మనలా మాట చివర కాకుండా మాట ముందున్న డేర్, డీ, దాస్ మారతాయి. డేర్ కాస్తా ని అయినప్పుడు డేన్, కి అయినప్పుడు డేమ్. ఆ మార్పుల పట్టిక మాత్రం ఎక్కాల్లా వల్లించాల్సిందే, దానికి దొడ్డిదారి లేదు.

డేర్, డీ, దాస్ అన్నాను కదా, అదే జర్మన్లో అందరినీ ఏడిపించే లింగం. చెంచా పుంలింగం, ఫోర్కు స్త్రీలింగం, కత్తి నపుంసకం. ఒకే కంచం పక్కన మూడు కులాసాగా కూర్చుంటాయి. అమ్మాయి అనే మాట "మెడ్‌షెన్" నపుంసకం. అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్ 1880లో జర్మన్ భాష మీద రాసిన వ్యాసంలో, ముల్లంగి జాతి దుంపకి ఉన్న ఆడతనం అమ్మాయికి లేకపోయిందే అని ఎగతాళి చేశాడు. నేనూ క్లాసులో నవ్వాను. ఇంటికొచ్చాక ఆలోచిస్తే సిగ్గేసింది. "ఆవిడ వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది" అనే మనం నవ్వడమేమిటి! మగాడైతే "వచ్చాడు", ఆడదైతే బస్సుతో సమానంగా "వచ్చింది". జర్మన్ వాళ్ల సంగతి తేలిగ్గా చెప్పుకోవచ్చు, "షెన్" అనే తోక "చిన్న" అనే అర్థమిస్తుంది, ఆ తోక ఉన్నవన్నీ నపుంసకమే. మన దానికి వ్యాకరణవేత్తలు మహత్తు, అమహత్తు అని పేర్లు పెట్టి ఊరుకున్నారు.

దీనికి నా సలహా ఒకటే. మాటని ఇంటిపేరుతో సహా నేర్చుకోండి. "మెసర్" అని కాదు, "దాస్ మెసర్" అని. నేను వంటింట్లో ఫ్రిజ్ నుంచి పోపుల డబ్బా దాకా అన్నిటికీ చీటీలు అంటించాను, డేర్ కి నీలం, డీ కి ఎరుపు, దాస్ కి ఆకుపచ్చ సిరాతో. మా అత్తగారు వచ్చినప్పుడు "ఇదేం వంటిల్లే, పోస్టాఫీసులా ఉంది" అన్నారు. పని చేసిందండీ. చివర "ఉంగ్" వస్తే స్త్రీలింగం అని కొన్ని గుర్తులు కూడా ఉన్నాయి: వోనుంగ్ (ఇల్లు, మన ఫ్లాటు), త్సైటుంగ్ (వార్తాపత్రిక), రెష్నుంగ్ (బిల్లు). "హైట్", "కైట్", "షాఫ్ట్" తోకలవీ అంతే. రోజులు, నెలలు, రుతువుల పేర్లు పుంలింగం. మాటల్ని అతికించి కొత్త మాట చేస్తే చివరిదాని లింగమే మొత్తానికి, మన తత్పురుష సమాసంలో పెత్తనం చివరి మాటదే అయినట్టు. హాంట్ అంటే చెయ్యి, షూ అంటే బూటు. హాంట్‌షూ అంటే చేతి తొడుగు. క్రాంకెన్‌హౌస్ రోగుల ఇల్లు, అంటే ఆసుపత్రి. క్యూల్‌ష్రాంక్ చల్లబరిచే బీరువా, అంటే ఫ్రిజ్. బారెడు పొడుగు మాట కనిపిస్తే కంగారు పడకుండా, పండు తొనలు వలిచినట్టు విడదీసుకోండి.

ఇంతకీ ఇంగ్లీషు దండగేనా అంటే, కాదు. ఇంగ్లీషూ జర్మనూ ఒక తల్లి పిల్లలే. చిన్నప్పుడు విడిపోయిన అక్కచెల్లెళ్లు. ఎక్కడ ఏ అక్షరం మారిందో పట్టుకుంటే వందల మాటలు ఊరికే వచ్చేస్తాయి. ఇంగ్లీషులో "ట" ఉన్నచోట జర్మన్లో "స" గానీ "త్స" గానీ వస్తుంది: వాటర్ వాసర్, టెన్ త్సేన్. "ప" ఉన్నచోట "ఫ": షిప్ షిఫ్, యాపిల్ ఆప్‌ఫెల్. "క" ఉన్నచోట గొంతులోంచి వచ్చే "ఖ": బుక్ బూఖ్, మేక్ మాఖెన్. "ద" లాంటి ఒత్తు ఉన్నచోట "డ": బ్రదర్ బ్రూడర్, త్రీ డ్రై. మొదట్లో "డ" ఉంటే "ట": డోర్ ట్యూర్, డే టాక్. ఈ నాలుగైదు మార్పులు అద్దం మీద రాసి పెట్టుకోండి. జడ వేసుకునేటప్పుడు చూసుకుంటే చాలు. నేను డిగ్రీ పిల్లలకి భాషాశాస్త్రంలో ఈ సూత్రం చెప్పాను కూడా! మార్కెట్లో కూరగాయల ధర అడిగేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

ఈ చుట్టరికాన్ని అతిగా నమ్మితే మాత్రం ప్రమాదం. జర్మన్లో "గిఫ్ట్" అంటే విషం. పుట్టినరోజుకి గిఫ్ట్ తెచ్చానని మాత్రం చెప్పకండి. "రోక్" అంటే లంగా. "షెఫ్" అంటే వంటవాడు కాదు, మీ పై అధికారి. "హెండీ" అంటే చేతిలో ఫోను. "కిండ్" లాగా రాసేది దయ కాదు, పిల్లవాడు. "ఫాస్ట్" అంటే త్వరగా కాదు, దాదాపు. "వేర్" అంటే ఎవరు, "వో" అంటే ఎక్కడ. ఇంగ్లీషు చెవికి సరిగ్గా తలకిందులు. ఓసారి పక్కింటి ముసలావిడ భోజనానికి పిలిచింది. బంగాళదుంప సలాడు మళ్లీ వడ్డించబోతే, కడుపు నిండింది అనే అర్థంలో "ఐ యామ్ ఫుల్" ని తర్జుమా చేసి "ఇష్ బిన్ ఫోల్" అన్నాను. ఆవిడా, వాళ్లాయనా ఒకరి ముఖం ఒకరు చూసుకుని పగలబడి నవ్వారు. తప్పతాగి ఉన్నాను అన్నానట! మంచినీళ్లు తప్ప ముట్టనిదాన్ని. "ఇష్ బిన్ జాట్" అనాలని ఆవిడే నేర్పింది.

పలకడంలో కూడా మన ఇంట్లోనే సరుకుంది. జర్మన్ "జడ్" అక్షరాన్ని "త్స" అని పలకాలి. ఇంగ్లీషు వాళ్లకి నోరు తిరగదు. మన అమ్మమ్మలు "చాప", "చుట్టం" అనేటప్పుడు పలికే ఆ దంత్య చకారమే అది. "చలి" అన్నట్టే పలకండి, అచ్చు జర్మన్. "ఉ" మీద రెండు చుక్కలున్న అక్షరానికి, పెదవులు "ఊ" కి సున్నాలా చుట్టి లోపల "ఈ" అనండి. "ఓ" మీద చుక్కలుంటే పెదవులు "ఓ", లోపల "ఏ". "బూఖ్" లో ఖ శబ్దం హైదరాబాదు వాళ్లకి ఉర్దూ "ఖబర్" లో ఉన్నదే. వాళ్లకి ఇంకో లాభం కూడా ఉంది. జర్మన్లో ఇరవై ఒకటిని "ఒకటీ ఇరవై" అంటారు, ఒకట్లు ముందు పలుకుతారు. ఇక్కీస్, బాయీస్ అని లెక్కపెట్టే అలవాటున్న వాళ్లకి అది వింతగా ఉండదు. మనకున్న జబ్బు ఒకటుంది, అది కూడా చెప్పేస్తాను. మనది అజంత భాష. బస్ ని బస్సు, మిల్క్ ని మిల్కు చేస్తాం. జర్మన్ మాటలు హల్లుల గుత్తులతో ఠక్కున ఆగిపోతాయి. శరదృతువు "హెర్ప్‌స్ట్". దానికి "ఉ" తగిలించకుండా ఆపడం మాకు టీచరుగారు నెల రోజులు నేర్పారు. పేరు అక్షరాలు పలికేటప్పుడు ఇంకో చిక్కు: ఇంగ్లీషు "ఈ" అక్షరాన్ని వాళ్లు "ఏ" అంటారు, "ఐ" అక్షరాన్ని "ఈ" అంటారు, "వీ" ని "ఫౌ" అంటారు, "జే" ని "యోట్" అంటారు. మన పొడుగాటి ఇంటిపేర్లు ఫోన్లో చెప్పాలంటే ఇది నిద్రలో లేపినా రావాలి.

మర్యాద సంగతి మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. "జీ" అంటే మీరు, "డూ" అంటే నువ్వు. ఇంగ్లీషులో రెండూ "యూ" అయిపోయి, ఆ తేడా పోయింది. వాళ్లు పెద్దవాళ్లని, కొత్తవాళ్లని "జీ" అంటారు, "ఇక డూ అనుకుందాం" అని పెద్దవారే ముందు అనాలి. పక్కింటి ఆవిడ నాతో ఆ మాట అనడానికి ఏడాదిన్నర పట్టింది. ఆంటీ, అక్కా, వదినా లాంటి పిలుపులు మాత్రం ఉండవు. "ఫ్రౌ" అని ఇంటిపేరు పెట్టి పిలవడమే. మొదట్లో చాలా వెలితిగా ఉంటుంది.

ఇక అసలు సంగతి. అక్కడ మనం రెండు మాటలు తడబడగానే అవతలివాళ్లు జాలిపడి ఇంగ్లీషులోకి మారిపోతారు. అది సాయంలా కనిపించే గండం. ఇంగ్లీషు బాగా వచ్చిన ఆడవాళ్లే పదేళ్లున్నా జర్మన్ రాకుండా ఉండిపోవడం నేను చూశాను. సూపర్ మార్కెట్టుకి ఇంగ్లీషు సరిపోతుంది. బడిలో పిల్లల టీచరుతో మాట్లాడడానికి, మునిసిపాలిటీ నుంచి వచ్చిన ఉత్తరం చదవడానికి, కాన్పు గదిలో నర్సుకి నొప్పి ఎక్కడుందో చెప్పడానికి సరిపోదు. అప్పుడు ప్రతిదానికీ భర్తే దిక్కు. ఆయన మంచివాడైతే సరే. కాకపోతే? ఇక్కడ బ్యాంకు ఉద్యోగం చేసి వెళ్లిన పిల్ల అక్కడ ఓ కవరు తెరిచి చదువుకోవడానికి సాయంత్రం దాకా ఎదురు చూడడం నేను కళ్లారా చూశాను. అందుకే "బిట్టె ఔఫ్ డోయిచ్" (దయచేసి జర్మన్లోనే) అనే మూడు మాటలు మొదటే నేర్చుకోమంటాను. నర్సులుగా వెళ్లే అమ్మాయిలకి సాధారణంగా బి2 దాకా అడుగుతారు. వాళ్లకి వ్యాకరణం కంటే చెవి ముఖ్యం. పళ్లు లేని తాతగారు గొణిగింది అర్థం కావాలి మరి. స్టుట్‌గార్ట్ పక్కల మాట్లాడే ష్వేబిష్ యాస పుస్తకంలో జర్మన్‌కి, శ్రీకాకుళం తెలుగు రేడియో వార్తలకి ఉన్నంత దూరం. అక్కడ కొందరు "పావు నాలుగు" అంటారు, అంటే మూడుంపావు! నాకు మళ్లీ గడియారమే గండం.

డబ్బు పోయకుండా నేర్చుకునే దారులూ ఉన్నాయి. జర్మన్ ప్రసార సంస్థ డోయిచె వెలె ఉచితంగా పాఠాలు ఇస్తుంది. "నికోస్ వేగ్" అని ఓ కుర్రాడి కథతో ఏ1 నుంచి బి1 దాకా నడుస్తుంది. 1971 నుంచీ వస్తున్న పిల్లల టీవీ కార్యక్రమం "ఎలుకతో ప్రసారం" నేనూ మా బాబూ కలిసి చూసేవాళ్లం. వాడికి ముందు అర్థమయ్యేది, నాకు చెప్పేవాడు. రోజుకి అరగంట చాలు, వంట చేస్తూ వింటూ, విన్నదాన్ని పైకి అనండి. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

పక్క వీధి ఆవిడ కూతురు ఆ సాయంత్రమే నా దగ్గరికొచ్చింది. సాయంత్రాలు ముగ్గురు, నలుగురు పిల్లలకి చెబుతున్నాను, వాళ్లలో కలిపాను. తెలుగులోనే చెబుతున్నాను. నాలుగో రోజు పాఠంలో ఒకళ్లు డాక్టరు గారి దగ్గర ఫోన్ తీసే అమ్మాయి, ఒకళ్లు ఫోన్ చేసే అమ్మాయి. నేను "హాల్ప్ నోయిన్" కి రమ్మన్నాను. నోయిన్ అంటే తొమ్మిది. ఆ పిల్ల కాసేపు ఆగి, నేను చెప్పిన ప్రకారం అంకెల్లో తిరిగి అడిగింది: "ఆఖ్ట్ ఊర్ డ్రైసిష్?" తర్వాత తెలుగులో, "ఎనిమిదిన్నరే కదా ఆంటీ? తొమ్మిదిన్నర కాదు కదా?"

ఎనిమిదిన్నరే అన్నాను.